గునుగు దొరకని చెలకలు: దేవరకొండ వైపు బతుకమ్మ పూల సంగతి

2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడి, ఆ ఏడే బతుకమ్మ రాష్ట్ర పండుగ అయినప్పటి నుంచి దాని మీద రాతలకు కొదువ లేదు. పుట్టుక కథలు రాశారు, పాటలు ఏరి అచ్చు వేశారు, ఉద్యమంలో దాని పాత్ర గురించి వాదించుకున్నారు, ఎత్తు ఎంతో కొలిచారు. ఇన్నిటి నడుమ పూల సంగతి వెనకబడిపోయింది. బతుకమ్మ మొదట చేతులతో పేర్చిన పూల గోపురం. పాట, ఆట, దేవత ఆ పేర్పు చుట్టూ చేరినవే. ఆ పూలు ఏ నేలలో మొలుస్తాయి, ఎవరు తెంపుకొస్తారు, అంత ఎత్తు పేర్చినా ఎందుకు కూలిపోదు, ఈ మధ్య ఎందుకు దొరకడం లేదు అన్న ప్రశ్నలకు దేవరకొండ ప్రాంతాన్ని ఎదురుగా పెట్టుకుని జవాబులు వెతకాలని ఈ ప్రయత్నం.

దేవరకొండనే ఎందుకంటే, బతుకమ్మకు ప్రాణమైన రెండు పూలూ ఇలాంటి నేలవే. నల్లగొండ జిల్లా నైరుతి మూలన, పాత మహబూబ్‌నగర్ జిల్లాను ఆనుకుని, రేచర్ల పద్మనాయకులు ఏలిన ఖిల్లా నీడన ఉన్న ఊరు ఇది. చుట్టూ ఎర్ర చెలకలు, దుబ్బ నేలలు, రాళ్ల గుట్టలు. చందంపేట వైపు పోతే నల్లమల అంచు అడవి, అడుగడుగునా లంబాడా తండాలు. కాలువ పారే మాగాణి తక్కువ, వాన మీద ఆధారపడే సేద్యం ఎక్కువ. గునుగు, తంగేడు రెండూ తడి నేలను కోరవు. ఒకటి చెలకలో పంట నడుమ కలుపుగా లేస్తుంది, ఇంకొకటి గెట్ల మీద, బీళ్లలో, బాట పక్కన పొదలుగా పెరుగుతుంది. ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్లు పోయరు. కరువు సీమ అని పేరుపడ్డ ఈ మెట్ట ప్రాంతమే భాద్రపదం చివరికి ఒకవైపు వెండి రంగు, ఒకవైపు పసుపు రంగు కప్పుకునేది.

ఆటకు పూలు కావాలనుకోవడం ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. అమెరికాలో హైస్కూలు చదువు ముగిసేవేళ జరిగే ప్రామ్ నృత్యానికి వెళ్లే అమ్మాయి మణికట్టుకు చిన్న పూలగుత్తి కట్టుకుంటుంది. యూరప్ పాత నృత్యశాలల్లో ఆడవాళ్లు చేతిలో పూలచెండు పట్టుకుని వచ్చేవాళ్లు. కేరళ ఓణానికి ముంగిట్లో పూల ముగ్గు పరుస్తారు, దాని చుట్టూ ఆడవాళ్లు తిరువాతిర ఆడతారు. ప్రామ్ పూలగుత్తి, నృత్యశాల పూలచెండు ఆడే మనిషికి అలంకారం. బతుకమ్మలో పూలు మనిషి ఒంటి మీద ఉండవు, నడుమ నిలబడతాయి, మనుషులు వాటి చుట్టూ తిరుగుతారు. కేరళ పూల ముగ్గు దీనికి దగ్గరి చుట్టం. అయితే అది నేల మీద పరుచుకుంటుంది, ఇది పైకి లేస్తుంది. పైకి లేపాలంటే పూల రంగు తెలిస్తే సరిపోదు, కాడ బలం కూడా తెలిసి ఉండాలి. ఈ కళ గొప్పదనం నాకు అక్కడే కనిపిస్తుంది.

పేర్చే పద్ధతిని ఒకసారి నిదానంగా చూద్దాం. ఇత్తడి తాంబాళమో సిబ్బో తీసుకుంటారు. అడుగున గుమ్మడాకులు పరుస్తారు, అవి లేకుంటే ఆముదపాకులు. ఈ రెండో అలవాటు ఈ ప్రాంతానికి సహజం. ఉమ్మడి రాష్ట్రంలో ఆముదం పంట అంటే ముందు మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలే గుర్తుకొచ్చేవి. అరచేయిలా విచ్చుకున్న ఆ వెడల్పాటి ఆకు తాంబాళం అంచు దాకా పరుచుకుంటుంది. దాని మీద అంచు వెంట తంగేడు గుత్తుల వరుస. పువ్వు బయటికి, కాడ లోపలికి. తర్వాత గునుగు. ఒకే పొడవుకు కాడలు కోసి, గుప్పెడు గుప్పెడు దారంతో కట్టిన చిన్న కట్టలు. కొన్నిటి కొసలను రంగు నీళ్లలో ముంచి ఆరబెడతారు, కొన్నిటిని తెల్లగానే ఉంచుతారు. మళ్లీ అదే తీరు, మొగ్గ బయటికి, కాడ నడుమకు. ఒక్కో వరుస పూర్తయ్యే కొద్దీ నడుమ గుంట పడుతుంది. ఆ గుంటలో కోసేసిన కాడ ముక్కలు, తంగేడాకు, పనికిరాని రెమ్మలు కూరి సమం చేస్తారు. కొత్త చేతులు తడబడేది ఇక్కడే. పైపై వరుసల మీద ఉన్న శ్రద్ధ నడుమ కూర్పు మీద లేకపోతే నాలుగో వరుసకే గోపురం ఒకవైపు ఒరుగుతుంది. పెద్దమ్మలు, నానమ్మలు పక్కన కూర్చుని చేతులు కట్టుకుని చూస్తున్నట్టే ఉంటారు గానీ, వాళ్ల కన్ను ఆ నడిమి గుంట మీదే ఉంటుంది.

ఒక్కో వరుస కింది వరుసకన్నా వేలెడు లోపలికి జరుగుతూ పోతుంది. బంతి, కట్లపువ్వు, సీతమ్మ జడలు, మందారం, బీరపువ్వు, ఏది దొరికితే అది నడుమ వరుసల్లోకి వస్తుంది. శిఖరాన గుమ్మడిపువ్వు. తమలపాకులో పసుపు ముద్దతో చేసిన గౌరమ్మను పక్కన పెడతారు, కొందరు పైనే నిలుపుతారు. పెద్ద బతుకమ్మ పక్కన తోడుకు ఒక పిల్ల బతుకమ్మ. మగవాళ్లు, పిల్లగాళ్లు తెల్లారకముందే పోయి పూలు తేవడం, ఆడవాళ్లు పేర్చడం మామూలు పని విభజన. చాలా ఇండ్లలో అన్నదమ్ములు పేర్చడానికీ కూర్చుంటారు.

ఈ పేర్పులో గునుగు చేసే పని వేరే ఏ పువ్వూ చేయలేదు. శాస్త్రజ్ఞులు సెలోసియా అర్జెంటియా అని పిలిచే ఈ మొక్క పూకంకిలో రేకులు కాగితంలా పొడిగా ఉంటాయి. కోసిన తర్వాత కూడా వాడి ముడుచుకుపోవు. కాడ సన్నగానే ఉన్నా గట్టిగా ఉంటుంది. కట్టగా కట్టి పడుకోబెడితే ఇటుక వరుసలా బరువు మోస్తుంది. తంగేడు అందం పూట సేపే, మధ్యాహ్నానికి వాలిపోతుంది. అందుకే అది అడుగున అంచుకు ఉండి రంగు ఇస్తుంది, గునుగు గోడ కడుతుంది. బంతి బరువు పువ్వు. కాడ తీసి దండగా గుచ్చి చుడితే తప్ప నిలబడదు. పట్నంలో బంతి దండలు చుట్టి చేసిన బతుకమ్మలు చూడటానికి నిండుగానే ఉంటాయి. అయితే లోపల వాటిని నిలబెట్టేది వెదురో, అట్టపెట్టో, థర్మకోలో. గునుగు బతుకమ్మకు లోపల వేరే ఎముక అక్కర్లేదు, పువ్వే ఎముక.

బంతిని పరాయిదని తోసేయమని చెప్పడం నా ఉద్దేశం కాదు. బంతి మెక్సికో నుంచి, గుమ్మడి అమెరికా ఖండాల నుంచి, చామంతి చైనా వైపు నుంచి వచ్చినవి. మనం శిఖరాన నిలిపే గుమ్మడిపువ్వే పోర్చుగీసు ఓడలు వచ్చాక ఇక్కడికి చేరిందంటే, ఈ గోపురం మొదటి నుంచీ ఒకేలా లేదని ఒప్పుకోవాలి. ఆడవాళ్లు చేతికందిన ప్రతి కొత్త పువ్వుకూ అందులో చోటిచ్చారు. పాతది మారకూడదన్న వాదంతో గునుగును కాపాడలేం. దాని పని వేరే పువ్వు చేయలేదన్న నిజంతోనే కాపాడగలం.

పుట్టుక గురించి చెప్పే కథలు చాలా ఉన్నాయి. సంతానం లేని రాజదంపతులకు అమ్మవారి వరంగా పుట్టిన బిడ్డ కథ, మహిషాసురుణ్ణి చంపి అలసి సొమ్మసిల్లిన దేవిని ఆడవాళ్లు పాటలతో లేపిన కథ, వేములవాడ గుడికి, చోళులకు ముడిపెట్టే కథ. ఇవన్నీ నమ్మకంగా విలువైనవే గానీ, కాలం తేల్చడానికి ఏదీ సాయపడదు. బిరుదురాజు రామరాజు జానపద గేయాలను విశ్వవిద్యాలయ పరిశోధనలోకి తెచ్చినప్పటి నుంచి పాటలు సేకరించినవాళ్లు చేసిన మేలు పెద్దది. ఆ సేకరణల్లో పురాణంకన్నా ఇల్లు, అత్తవారిల్లు, పుట్టింటి బెంగ, కరువు, చెరువు ఎక్కువగా వినిపిస్తాయి. నా మటుకు నాకు పుట్టుకకు దగ్గరి సాక్ష్యం కాలమే. పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మతో ముగిసే ఆ తొమ్మిది రోజులకే చెలకల్లో గునుగు కంకి నిండుతుంది, తంగేడు విరగబూస్తుంది, బతుకమ్మను సాగనంపే చెరువులోకి నీరు చేరి ఉంటుంది. ఈ మూడూ కలిసే కాలం ఏడాదిలో మరొకటి లేదు.

దేవరకొండ వైపు ఈ పండుగను ఒంటరిగా చూస్తే సగమే తెలుస్తుంది. బతుకమ్మకు ముందు పెండ్లికాని పిల్లలు బొడ్డెమ్మ ఆడతారు. పుట్టమట్టితో అంచెలంచెలుగా గద్దె చేసి పూలు పెట్టి చుట్టూ ఆడి, పెత్రమాసకు ముందే సాగనంపుతారు. తండాల్లో శ్రావణంలో తీజ్ వస్తుంది. పెండ్లికాని ఆడపిల్లలు చిన్న బుట్టల్లో మట్టి, ఎరువు నింపి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు నీళ్లు పోస్తూ, చుట్టూ పాడుతూ ఆడుతూ మొలకలను పెంచి, చివరినాడు నీళ్లలో కలుపుతారు. ఒకచోట మట్టి, ఒకచోట మొలక, ఒకచోట పువ్వు. మూడింటిలోనూ చేతులతో చేసిన ఒక చిన్న పచ్చని గుడి, దాని చుట్టూ వలయంగా ఆడవాళ్లు, తొమ్మిది రోజులు, చివరికి నీళ్లు. ఏది దేన్ని చూసి పుట్టిందో తేల్చాలన్న తొందర నాకు లేదు. ఒకే మెట్ట నేల మీద, ఒకే వానకాలంలో, పక్కపక్క ఊళ్లలో వేర్వేరు భాషలు మాట్లాడే ఆడవాళ్లు ఒకే రకమైన పని చేస్తున్నారు. బతుకమ్మ మీద రాసేవాళ్లు తీజ్‌ను దాదాపు ముట్టుకోరు. గిరిజన జనాభా ఇంత ఎక్కువగా ఉన్న నియోజకవర్గంలో అది పెద్ద లోటు.

ఇంకో లోటు గురించి కూడా చెప్పాలి. బతుకమ్మ ఊరంతటినీ కలిపే పండుగ అని మనం గర్వంగా చెప్పుకుంటాం. కానీ చాలా ఊళ్లలో వాడకో బతుకమ్మ, కులానికో వలయం. దళితవాడ ఆడవాళ్లు తమ బతుకమ్మలను వేరే చోట పెట్టుకుని ఆడిన రోజులు పెద్దవాళ్లకు గుర్తున్నాయి, కొన్నిచోట్ల ఆ దూరం ఇంకా పూర్తిగా చెరగలేదు. చెలకలో కలుపు తీసి, గునుగును చేత్తో పట్టి, ఏది ముదిరింది, ఏది లేత అని పోల్చగలిగేది ఎక్కువగా ఆ వాడల కూలి తల్లులే. పువ్వును అందరికన్నా ఎక్కువ ఎరిగిన చేతులు పండుగ నడిమికి రావడం ఇంకా జరగాల్సి ఉంది.

1946–51 నాటి తెలంగాణ సాయుధ పోరాటానికి నల్లగొండ జిల్లా గుండెకాయ. బతుకమ్మ బాణీలు ఆ కాలంలో పోరాట పాటలకు వాహనాలయ్యాయి. అరవై ఏళ్ల తర్వాత ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో రోడ్ల మీద బతుకమ్మలు నిలిపి రాకపోకలు ఆపారు. ఒకరు పాడితే వలయమంతా అందుకునే పాటకు వేదిక అక్కర్లేదు, మైకు అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. దీని మీద మంచి రాతలే వచ్చాయి కాబట్టి ఇక్కడ సాగదీయను. డీజే పెట్టెలు వచ్చాక అందుకునే గొంతులు తగ్గాయన్నది మాత్రం నిజం. పాట బయటి నుంచి మోగుతుంటే వలయంలో ఉన్నవాళ్లకు పాడాల్సిన పనే ఉండదు.

ఇక అసలు ప్రశ్న, గునుగు ఎటు పోయింది? తేలికగా దొరికే జవాబు, జనం పట్నం పోయారు, ఓపిక తగ్గింది అన్నది. అది సగం నిజం. ఓపిక ఉన్న ఇంట్లో కూడా ఇప్పుడు రెండు మూడు ఊళ్లు తిరిగితే తప్ప తాంబాళం నిండదు. కారణం చెలక మారింది. ఒకప్పుడు ఇక్కడ జొన్న, సజ్జ, ఆముదం, కంది కలిపి వేసేవాళ్లు. వానలు పడ్డాక కూలి ఆడవాళ్లు వరుసగా కలుపు తీసేవాళ్లు. గునుగును పీకి పారేసేవాళ్లు, లేత ఆకు కూరకు పనికొస్తే కొంగున కట్టుకునేవాళ్లు. తీసినంత తీసినా గెట్ల వెంట, ఆముదం సాళ్ల నడుమ, ఆలస్యంగా మొలిచింది ఎంతో కొంత మిగిలేది. ఆ మిగిలిందే బతుకమ్మ పూవు. అంటే ఆషాఢంలో ఏ చేతులు దాన్ని పీకేవో, ఆశ్వయుజంలో ఆ చేతులే దాన్ని పేర్చేవి. రైతుకు అది శత్రువే. జొన్న చేనులో గునుగు కమ్ముకుంటే దిగుబడి పడిపోతుంది. అయినా మనిషి చేసే కలుపు తీతకు ఒక హద్దు ఉండేది, ఆ హద్దు అవతల పువ్వు బతికేది.

2002లో బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చింది. ఆ తర్వాతి ఏళ్లలో ఈ ఎర్ర నేలల్లోనూ ఆముదం తగ్గి పత్తి పరుచుకుంది. పత్తితో పాటు గడ్డిమందు వచ్చింది. మందుకు హద్దు తెలియదు. సాలులో ఉన్నదీ, గెట్టు మీద ఉన్నదీ ఒకేసారి మాడిపోతాయి. గడ్డిమందును తట్టుకునే అనుమతి లేని పత్తి విత్తనాలు చాటుగా వ్యాపించడంతో 2018లో రాష్ట్ర ప్రభుత్వం గ్లైఫోసేట్ అనే గడ్డిమందు అమ్మకం మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. కూలి ఖర్చు మోయలేక రైతు మందు కొడుతున్నాడు, అతని కష్టాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ మందు ఒక్క దెబ్బతో రెండు పనులు చేసింది. కలుపు కూలి మీద బతికే ఆడవాళ్ల పనిదినాలను తీసేసింది, వాళ్ల పండుగ పువ్వునూ తీసేసింది. బతుకమ్మ మీద ఇన్ని పుస్తకాల్లో, ఇన్ని ప్రసంగాల్లో ఈ రెండింటినీ కలిపి మాట్లాడిన గొంతులు చాలా తక్కువ.

తంగేడు సంగతి కొంత వేరు. పశువులు, మేకలు దాన్ని పెద్దగా మేయవు, ఎండను తట్టుకుంటుంది, కొట్టేసినా మళ్లీ చిగురిస్తుంది. ఒకప్పుడు దాని బెరడును తోళ్లు ఊనడానికి వాడేవాళ్లు. 2014లోనే దాన్ని రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. ఇన్నిటిని తట్టుకున్న మొక్క జేసీబీని తట్టుకోలేకపోతోంది. బాట వెడల్పు, బీడు చదును, హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ రోడ్డు పొడవునా లేచిన ప్లాట్లు, పాతిన హద్దురాళ్లు. వెంచర్ కోసం గీసిన నేలలో మొదట పోయేది తంగేడు పొదే. రాష్ట్ర పుష్పమన్న హోదా దానికి ఒక్క అడుగు నేల కూడా ఇవ్వలేదు.

దొరికిన కొద్దిపాటి పువ్వూ ఇప్పుడు సరుకైంది. పండుగకు ముందు రెండు మూడు రోజులు ఊళ్లవాళ్లు మూటలు కట్టుకుని హైదరాబాద్ చౌరస్తాల్లో కూర్చుంటారు. ఈ మెట్ట ప్రాంతం రాజధానికి ఇప్పటికే నీళ్లు ఇస్తోంది. పెద్దఅడిశర్లపల్లి దగ్గరి అక్కంపల్లి జలాశయం నుంచే కృష్ణా నీళ్లు నగరానికి పోతాయి. ఇప్పుడు పువ్వూ పోతోంది. దీన్ని నేను చెడుగా చూడను. అమ్ముకున్నవాళ్లకు నాలుగు పైసలు రావడం మంచిదే. పువ్వుకు ధర వచ్చినా, పువ్వు మొలిచే గెట్టుకు మాత్రం ధర రాలేదు.

పువ్వు తగ్గుతున్న కాలంలోనే గోపురం ఎత్తు పెరగడం విచిత్రమైన జంట. 2025 సెప్టెంబరులో హైదరాబాద్ సరూర్‌నగర్ స్టేడియంలో 63 అడుగుల బతుకమ్మను నిలిపి గిన్నిస్ రికార్డు సాధించారు. అక్కడ పని చేసిన చేతుల శ్రమను తక్కువ చేయను. కానీ అంత ఎత్తుకు పువ్వు తనంతట తాను నిలబడదు, కింద చట్రం కావాలి. అప్పుడు పువ్వు గోడగా ఉండదు, తొడుగు అవుతుంది. ఊరి పోటీల్లో కూడా ఎత్తుకే బహుమతులు ఇవ్వడంతో థర్మకోల్, ప్లాస్టిక్ పూలు, మెరుపు కాగితాలు వచ్చి చేరాయి. పూల అలంకరణలో ప్రపంచంలో పెద్ద పేరున్న బ్రిటన్ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తన ప్రదర్శనల్లో కాడలు గుచ్చే ప్లాస్టిక్ నురుగు దిమ్మెను 2021 నుంచి నిషేధించింది. నీళ్లలో కరగని పొడిగా అది మిగిలిపోతుందని. నురుగు లేకుండా, తీగ లేకుండా, కాడ మీద కాడతో గోపురం కట్టడం తెలిసిన మనం ఆ దిమ్మె వైపు నడవడం బాధ కలిగిస్తుంది.

చెరువు గురించి తరచుగా వినిపించే మాట ఒకటుంది, బతుకమ్మ పూలలోని ఔషధ గుణాలు నీటిని శుద్ధి చేస్తాయని. తంగేడుకు, గునుగుకు నాటువైద్యంలో చోటున్న మాట నిజం. అంతమాత్రాన కుళ్లే పువ్వు చెరువును కడుగుతుందని చెప్పలేం. కుళ్లే ఏ పదార్థమైనా నీటిలోని ప్రాణవాయువును వాడుకుంటుంది. నిండిన ఊరి చెరువులో ఊరి ఆడవాళ్లు వదిలే పువ్వుల వల్ల హాని లేదు, అవి మట్టిలో కలిసిపోతాయి. పట్నంలో చిన్న కుంటలోకి వందల తాంబాళాలు దిగితే లెక్క మారుతుంది. అసలు హాని పువ్వులో లేదు, గునుగు కొసలకు అద్దే ప్యాకెట్ రంగుల్లో, ప్లాస్టిక్‌లో ఉంది. పసుపు, కుంకుమ, బీట్‌రూట్ రసం, మోదుగుపూల రంగు ఇప్పటికీ చేతికందేవే. గాఢమైన ఊదా, ఆకుపచ్చ రాకపోవచ్చు. తెల్ల గునుగు తెల్లగా ఉన్నా బతుకమ్మ అందం తగ్గదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చాలా చెరువుల పూడిక తీశారు. చెరువు నీటి గురించి జరిగిన ఇలాంటి ఆలోచన పువ్వు గురించి జరగలేదు.

దేశం దాటిన బతుకమ్మ గురించి ఒక మాట. డల్లాస్, లండన్, దుబాయ్‌లలో ఏటా ఆడుతున్నారు. 2021లో బుర్జ్ ఖలీఫా గోడ మీద బతుకమ్మ వెలుగు బొమ్మగా కనిపించింది. అక్కడి ఆడబిడ్డలకు గునుగు లేదు, తంగేడు లేదు. శరదృతువులో దుకాణాలకు వచ్చే చామంతులు, కార్నేషన్లతో పేరుస్తారు. దొరికిన పువ్వును గోపురంగా మలిచే ఆ తపనలో పాత పద్ధతి ప్రాణం పూర్తిగా ఉంది. గునుగు లేకపోవడం వాళ్లకు దూరం వల్ల వచ్చిన లోటు. దేవరకొండలో ఆ లోటు రావడానికి మాత్రం దూరం కారణం కాదు.

ఏం చేయొచ్చు అన్నదానికి పెద్ద పథకాలు అక్కర్లేదనిపిస్తుంది. జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో పనిచేసే మహిళా రైతులు విత్తకుండా మొలిచే ఆకుకూరలను కలుపుగా కాకుండా ఆహారంగా లెక్కగట్టి చూపించారు. అదే చూపు గునుగుకు కావాలి. చేను గెట్టు వెంట రెండు మూరల మేర గడ్డిమందు పడకుండా వదలడానికి రైతును ఒప్పించాలి. ఒప్పుకున్న రైతుకు ఆ పూవు మీద వచ్చే డబ్బులో వాటా ఉండాలి. పోటీల్లో ఎత్తుకు కాకుండా, చట్రం లేని పేర్పుకు, చేనులో తెంపిన పువ్వుకు మార్కులు వేయాలి. బడి ఆవరణలో, చెరువు కట్ట అవతలి వాలులో, ఖిల్లా చుట్టూ ఉన్న ప్రభుత్వ నేలలో తంగేడు పొదలను ఎవరూ కొట్టకుండా గుర్తు పెట్టాలి. మరొకటి, సద్దులకు గునుగునంతా వేరుతో పీకెయ్యకుండా కొన్ని కంకులు మొక్కల మీదే ఉంచాలి. దాని విత్తనం నల్లగా, గసగసాలంత చిన్నగా ఉంటుంది. కంకి ఎండి నేల మీద రాలితేనే వచ్చే వానకు మళ్లీ మొలుస్తుంది. ఎక్కడ రాలనివ్వాలో, ఎక్కడ రాలనివ్వకూడదో చేను గల రైతు, కలుపు తీసే కూలి, పువ్వు పేర్చే ఆడబిడ్డ ముగ్గురూ ఒకచోట కూర్చుని తేల్చుకోవాలి. ఆ మాట పెత్రమాసకు ముందు కాదు, మొదటి గడ్డిమందు డబ్బా కొనకముందే, ఆషాఢంలోనే జరగాలి.